ఇసుక బస్తాల చోటు

మేం చేసిన హెలికాప్టర్ రెక్కల కింద మనిషిని కూర్చోబెట్టడం ప్రమాదమని లండన్ నుంచి వచ్చిన పెద్దమనిషి తేల్చేశాడు. అందుకని ఇసుక బస్తాలు తెప్పించారు.

ఆ కబురు మోసుకొచ్చింది మా మేనేజర్ ట్రెడ్‌వెల్. శుక్రవారం మధ్యాహ్నం మేం టీ తాగుతుండగా రెక్కల షెడ్డులోకి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడంటే మంచి మాట కాదని నాకప్పుడే తెలిసిపోయింది. మంచి మాట చెప్పేటప్పుడు ఆయన టోపీ తీయడు.

"రేపు బరువు పరీక్ష, మిసెస్ డర్‌స్టన్. లండన్ నుంచి వచ్చిన ఫాన్‌షా గారు స్వయంగా చూస్తారు. లోపల ఎనిమిది మంది సైనికులు కూర్చోవాల్సింది కదా, వాళ్ళ బదులు ఇసుక పెడుతున్నాం."

"సైనికులకేమైంది? జలుబు చేసిందా?" అన్నాను.

"అది కాదు. ఈ రెక్కల మీద నమ్మకం కుదిరేదాకా మనుషుల్ని ఎక్కించొద్దన్నారు. ఇంకో మాట." టోపీని ఇటు నుంచి అటు తిప్పాడు. "రేపు ఏమాత్రం తేడా వచ్చినా ఈ షెడ్డు మూసేస్తారు. రెక్కలు ఉత్తరాదిలో వేరే కంపెనీ చేస్తుంది. అక్కడ అంతా మగవాళ్ళే."

"కెప్టెన్ ఎక్కుతున్నాడుగా? ఆయన మనిషి కాడా?"

"ఆయన పైలట్," అన్నాడు ట్రెడ్‌వెల్, అదేదో వేరే జాతి అయినట్టు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నెస్టా డర్‌స్టన్‌ని. ఈ షెడ్డుకి పెద్దని. యుద్ధంలో మగవాళ్ళంతా వెళ్ళిపోతే వచ్చి విమానాల రెక్కలకి గుడ్డ కుట్టినవాళ్ళం మేం. యుద్ధం అయ్యాక మిగతా షెడ్లలో ఆడవాళ్ళందరికీ దండం పెట్టి ఇంటికి పంపేశారు. మమ్మల్ని మాత్రం పంపలేదు. హెలికాప్టర్ రెక్కంటే కర్ర చెక్కాలి, పల్చటి పలకలు అతికించాలి, పైన గుడ్డ తొడిగి కుట్టాలి, ముక్కు పగిలిపోయే వాసనొచ్చే మందు పూతమీద పూత వెయ్యాలి. అంత సూదిపనీ జిగురుపనీ మగవాళ్ళకి నామోషీ. ఆడపని అని మాకే వదిలేశారు. బాగున్నంతకాలం ఆ మాటలో తప్పేం కనబడలేదు ఎవరికీ.

మా యంత్రాన్ని అందరం బస్సు అనేవాళ్ళం. చూడ్డానికి బస్సులాగే ఉండేది, పొడుగ్గా, గుండ్రటి కిటికీలతో. కాకపోతే ముందొకటి, వెనకొకటి నెత్తిమీద పెద్ద పంకాలు. రోడ్డు లేని చోటికి మనుషుల్నీ సామాన్లనీ బరువు ఎటు పడుతోందో చూసుకోకుండా ఎత్తుకుపోవాలని దాన్ని కట్టారు. ఒంటి పంకా హెలికాప్టర్‌లో బరువంతా పంకా కిందే ఉండాలి. ఓ లావుపాటాయన వెనక్కి జరిగితే తోక వాలిపోతుంది. రెండు పంకాల బస్సులో ఆ బాధ లేదని కట్టినవాళ్ళ ధీమా.

మొదటి బస్సు కిందటి శీతాకాలంలో ముక్కలైంది. గాల్లో కాదు, నేలమీదే. ఇంజన్లు వేసి నిలబెట్టారో లేదో, తడిసిన కుక్క ఒళ్ళు విదిలించుకున్నట్టు అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. పైలట్ కెప్టెన్ ఓట్‌వే వెంటనే ఇంజన్లు ఆపేశాడు. పుస్తకంలో అలాగే ఉంది. ఆపాక ఊగుడు ఇంకా ఎక్కువై బస్సు ఒక పక్కకి ఒరిగిపోయింది. రెక్కలు నేలకి తగిలి విరిగాయి. ఒక ముక్క ఎగిరొచ్చి, చక్రం దగ్గర నిలబడ్డ వాల్ట్ పడీ అనే ఫిట్టర్ ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తీసుకుపోయింది.

వాల్ట్ భార్య ఆలివ్ మా షెడ్డులోనే పని చేస్తుంది. విరిగిన ఆ రెక్కకి గుడ్డ తొడిగి కుట్టింది ఆలివే.

విచారణ చేసిన ఫాన్‌షా రెక్కల పనితనం మీద అనుమానం ఉందని రాశాడు. తప్పు రెక్కల్లో లేదు, చక్రాలు బిగించిన బస్సు కాళ్ళలో ఉంది, అవి నేలమీద ఊగి రెక్కల్ని కూడా ఊపుతున్నాయి అని కెప్టెన్ మొత్తుకున్నాడు. ఆడవాళ్ళని వెనకేసుకొస్తున్నాడనుకున్నారు. ఇక ఊళ్ళో సంగతి చెప్పేదేముంది? చేపల కొట్టు దగ్గర వరసలో నిలబడితే మా వెనక గుసగుసలు. సొంత మొగుడి చెయ్యి తీసేసిందట అని ఆలివ్‌కి వినపడేలాగే అనేవారు. ఆలివ్ నోరు మంచిది కాదు, అంతకు ముందైతే కడిగిపారేసేది. ఇప్పుడు చేపల పొట్లం తీసుకుని తల వంచుకుని వచ్చేసేది.

"వాళ్ళు అన్నది నాకు లెక్కలేదు నెస్టా," అంది ఒకసారి, మందు కుంచె కడుగుతూ. "వాల్ట్ ఏమీ అనడే. అదే నా ప్రాణం తీస్తోంది. తిట్టినా బాగుండును. పొద్దున లేస్తాడు, కుర్చీలో కూర్చుంటాడు, కిటికీలోంచి బయటి బురద కేసి చూస్తాడు. ఒక్కసారి నీదే తప్పు అనెయ్యవయ్యా అంటే, టీ పెట్టు అంటాడు."

అందుకే ఆ శుక్రవారం ట్రెడ్‌వెల్ ఇసుక మాట చెప్పగానే నేను ముందు ఆలివ్ కేసే చూశాను. ఆవిడ కప్పు బల్లమీద పెట్టేసింది.

"ఇసుక బాగా ధైర్యమైంది కామోసు," అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ట్రెడ్‌వెల్ కూడా నవ్వబోయాడు.

"నవ్వులాటకి అనలేదు సార్. మనుషులు కావాల్సిన చోట మనుషులే ఎక్కాలి. నేనెక్కుతా."

"మిసెస్ పడీ, అలా కుదరదు."

"ఎందుక్కుదరదు? మీ సైనికుల ప్రాణాలకి విలువుంది, వద్దన్నారు. సరే. మా ప్రాణాలు మావి. మేం చేసిన రెక్క కింద మేం కూర్చుంటాం."

ట్రెడ్‌వెల్ టోపీ పెట్టేసుకుని వెళ్ళిపోయాడు. ఆలివ్ ఉడుకుమోతుతనంతో అందనుకున్నాడు. నాకలా అనిపించలేదు.

షెడ్డులో ఉన్న ఎనిమిది మందిమీ తిన్నగా కెప్టెన్ దగ్గరికి వెళ్ళాం. ఓట్‌వే, బస్సుని నిలిపే హాంగర్ గుమ్మంలో పెట్టెమీద కూర్చుని రొట్టె, జున్ను, ఊరేసిన ఉల్లిపాయ తింటున్నాడు. అప్పుడే ఫిట్టర్లు రెక్కల ఎత్తు సరిచూసి ముగించారు. అది చూడముచ్చటైన పని. ఒక్కో పంకాకి ఉన్న మూడు రెక్కల కొసలకీ మూడు రంగుల సుద్ద రాస్తారు. పంకా తిరుగుతుండగా ఒకడు గెడకి కట్టిన గుడ్డని మెల్లగా కొసలకి ఆనిస్తాడు. రంగులు వేరేవేరే ఎత్తుల్లో అంటుకుంటే రెక్కలు ఒక దారిన పోవడం లేదన్నమాట. ఆవేళ మూడు రంగులూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే మచ్చ అయింది. రెండు పంకాలకీ అంతే. ఫాన్‌షాకి ఆ గుడ్డ చూపిస్తే, "గుడ్డమీద మచ్చలు," అన్నాడట.

మేం చెప్పింది కెప్టెన్ చివరిదాకా విన్నాడు. ఉల్లిపాయ నమలడం ఆపాడు.

"చూడండి అమ్మాయిలూ, రేపు ఆ ఊగుడు మళ్ళీ రావచ్చు. కాళ్ళు మార్చమంటే డబ్బులేదన్నారు. అవే కాళ్ళు."

"వస్తే?" అన్నాను.

"ఆ రోజు ఇంజన్ ఆపాను. నేను విమానాలు నడిపినవాణ్ణి. ఏదైనా తేడా వస్తే ఇంజన్ కట్టెయ్యడం ఒంట్లో పట్టేసింది. విమానానికి అది మంచిదే. దీనికి అదే చావు. ఆపకుండా పైకి లేపేసి ఉంటే వాల్ట్ చెయ్యి వాల్ట్‌కి ఉండేది." ఆయన ఆలివ్ వైపు తిరిగాడు. "ఈసారి ఆపను. లేపేస్తా. నేల వదిలితే ఊగుడు పోతుందని నా నమ్మకం. నమ్మకమే సుమా, చూసినవాడు లేడు."

"రెక్కల్లో తప్పుంటే?" అంది ఆలివ్.

"గాల్లో కూడా ఊగుతుంది. ఇంకా ఎక్కువ ఊగుతుంది."

"అయితే అక్కడే తేలిపోతుందిగా," అంది ఆలివ్. "ఎక్కుతా."

కెప్టెన్ మా అందరి కేసీ చూశాడు. "సరే. మరి ఒక్కొక్కరూ ఎంత బరువుంటారు?"

చావుకి సిద్ధపడ్డ ఆడవాళ్ళం ఆ ఒక్క ప్రశ్నకి నేల చూపులు చూశాం. చివరికి సరుకుల గదిలో మూటలు తూచే కాటా మీద ఒకరి తరవాత ఒకరం ఎక్కాం, మగవాళ్ళని బయటికి తోసి తలుపేసి మరీ.

"చక్కెర ఇంకా రేషన్‌లోనే ఉంది కదే, ఈ ఒళ్ళు ఎక్కడిదే నీకు?" అని బెరిల్ నన్ను ఎగతాళి చేసింది.

"నాది ఒళ్ళు కాదు, కోపం," అన్నాను.

ఆలివ్ బస్తాన్నరకి తూగింది. "చూశావా, ఇసుక కన్నా నేనే నయం," అంది. అయిదు నెలల్లో ఆవిడ నోట హాస్యం రావడం అదే మొదలు.

శనివారం మధ్యాహ్నం ఫాన్‌షాని ట్రెడ్‌వెల్ హోటల్‌కి భోజనానికి తీసుకెళ్ళాడు. వాళ్ళ కారు గేటు దాటగానే ఫిట్టర్లు బస్సులోంచి బస్తాలు మోసి హాంగర్ వెనక పడేశారు. మేం అడగలేదు. వాల్ట్ వాళ్ళ మనిషి, అంతే. మేం పని గౌన్లతోనే, తలకి రుమాళ్ళు కట్టుకుని ఎక్కి కూర్చున్నాం. ఎనిమిది బెంచీలు, ఎనిమిది బెల్టులు. పెద్దమనుషులు తిరిగొచ్చేదాకా కిటికీల్లోంచి కనపడకుండా తలలు వంచుకుని కూర్చున్నాం. పెళ్ళిలో బల్లల కింద దాక్కున్న పిల్లల్లా ఒకళ్ళనొకళ్ళు గిచ్చుకుంటూ నవ్వు ఆపుకుంటున్నాం. భయపడితే అలాగే నవ్వొస్తుంది.

ఆ పూట సెలవు కావడంతో ఊరు ఊరంతా కంచె దగ్గర చేరింది. సందులోంచి చూసిన బెరిల్, "ఒసే ఆలివ్, మీ ఆయనొచ్చాడే," అంది. ఆలివ్ తల ఎత్తలేదు. ఆ ప్రమాదం అయ్యాక వాల్ట్ ఫ్యాక్టరీ వైపు రావడం అదే మొదటిసారి.

పెద్దమనుషులు తిరిగొచ్చి కుర్చీల్లో కూర్చోగానే ఇంజన్లు మొదలయ్యాయి. ముందు పంకా, తరవాత వెనక పంకా. కాసేపు అంతా బాగానే ఉంది. అప్పుడు కాళ్ళ కింద ఏదో మెల్లగా కదిలింది. ఎడమకి, కుడికి, మళ్ళీ ఎడమకి. ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ. నా భుజం గోడకేసి కొట్టుకుంది. బెరిల్ దేవుణ్ణి తలుచుకోవడం మొదలెట్టింది. ఇనుము ఎక్కడో కీచుమంది. కిటికీలోంచి చూస్తే ఫాన్‌షా కుర్చీలోంచి లేచి పరుగెత్తుకొస్తున్నాడు, రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ, ఆపెయ్ ఆపెయ్ అని. సరిగ్గా అప్పుడే కిటికీలో నా మొహం, నా తల రుమాలు చూశాడు. ఊపుతున్న చేతులు అలాగే ఉండిపోయాయి. నా జన్మలో ఇంకే మగవాడి మొహమూ నాకంత సంతోషం ఇవ్వలేదు, ప్రాణాలు పోతున్నాయనుకుంటూ కూడా.

ఆలివ్ పిచ్చిదానిలా అరిచింది. "లేపు కెప్టెన్! లేపవయ్యా బాబూ!"

లేపాడు.

చక్రాలు నేల వదిలిన క్షణాన ఊగుడు ఆగిపోయింది. తగ్గడం కాదు, లేకుండా పోయింది. ఇంజన్ల హోరు చెవులు చిల్లులు పడేలా ఉన్నా కాళ్ళ కింద అంతా నిమ్మళంగా ఉంది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు కూడా వణకడం లేదు. ఆలివ్ తలెత్తి పైకప్పు కేసి చూసింది, దాని పైన తిరుగుతున్న రెక్కల్ని చూస్తున్నట్టు. ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. సిగ్గెందుకు, అందరం ఏడ్చాం.

కెప్టెన్ వెనక్కి తిరిగి, లేవండి అని చెయ్యి ఊపాడు. ముందు రాత్రి అనుకున్నదే. బెల్టులు విప్పుకుని ఎనిమిది మందిమీ లేచి వెనక పంకా కిందికి నడిచాం, ఒకరి నడుం ఒకరు పట్టుకుని. బస్సు ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు కదిలి నిలబడింది. తోక వాలలేదు. అందరం మళ్ళీ ముందుకి నడిచాం. మూతి వాలలేదు. కింద నిలబడ్డవాళ్ళకి గుండ్రటి కిటికీల్లో రంగురంగుల రుమాళ్ళు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పోతూ కనపడ్డాయట. ఇసుక బస్తాలైతే నడిచి చూపిస్తాయా?

ఆలివ్ కిటికీకి మొహం ఆనించింది. "చేపల కొట్టు కప్పు కనబడుతోందే. సరిగ్గా మన కిందే. ఉమ్మేద్దునా?"

"కిటికీ తెరుచుకోదు," అన్నాను.

"ఈ బస్సులో అదొక్కటే లోటు."

దిగేటప్పుడు కెప్టెన్ మెత్తటి గడ్డి చూసి, చక్రాలు ఆనగానే, ఊగుడు మొదలవక ముందే, పంకాల జోరు చంపేశాడు. బస్సు రెండు సార్లు ఇటూ అటూ అయి కూర్చుంది. బెరిల్ దిగిన మరుక్షణం తిన్నదంతా గడ్డిమీద కక్కేసింది. మిగతావాళ్ళం తలెత్తుకుని దిగాం.

ఫాన్‌షా మొహం ఉడికిన బీట్‌రూట్‌లా ఉంది. "ఎవరిచ్చారు మీకు అనుమతి? చస్తే ఎవరిది పూచీ?"

"చావలేదుగా," అన్నాను.

"ఈ పరీక్ష చెల్లదు. సోమవారం ఇసుకతో మళ్ళీ చెయ్యాలి."

కెప్టెన్ చేతి తొడుగులు విప్పుతూ అన్నాడు. "ఊగుడు నేలమీద వచ్చింది సార్, గాల్లో పోయింది. రెక్కలు చెడ్డవైతే గాల్లో ఎందుకు పోతుంది? మీరు ఆపమన్నట్టు ఆపి ఉంటే మళ్ళీ ముక్కలు ఏరుకునేవాళ్ళం."

"గాల్లో పోయిందని నేను బయటినుంచి ఎలా రాసేది? మీరు చెబితే సరిపోతుందా? ఈ ఆడవాళ్ళు చెబితే సరిపోతుందా?"

"అయితే లోపలికి రండి," అన్నాను. "చోటుంది. బెరిల్‌కి ఎలాగూ ఇంక ఓపిక లేదు."

ఆయన బస్సు తలుపు కేసి చూశాడు. పైన ఇంకా మెల్లగా తిరుగుతున్న రెక్కల కేసి చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. అది కంచె దగ్గరున్న ఊరంతా చూసింది. చేపల కొట్టువాడు కూడా చూశాడు.

అప్పుడు గేటు దగ్గర కాపలావాడు ఎవరితోనో వాదిస్తున్న గొంతు వినబడింది. వాదన ఆగింది. వాల్ట్ పడీ గడ్డిమీద నడుచుకుంటూ వచ్చాడు. కోటు ఎడమ చెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది. ఫాన్‌షా ముందు ఆగాడు.

"నా చెయ్యి ఏం తీసుకుపోయిందో మీరు లండన్‌లో కూర్చుని రాశారు," అన్నాడు. వాల్ట్ గొంతు విని అయిదు నెలలైందేమో మాకు. "నన్నొక్క ముక్క అడగలేదు. నేను పక్కనే ఉన్నాను సార్. చక్రం కాలు వంకర్లు పోవడం కళ్ళారా చూశాను. ఆసుపత్రికి వచ్చి అడుగుతారేమోనని చూశాను. ఎవడూ రాలేదు. అడగనివాళ్ళకి నేనెందుకు చెప్పాలని ఊరుకున్నా."

ఆలివ్ నోరు తెరిచింది. "నాకైనా చెప్పొచ్చు కదయ్యా?"

వాల్ట్ ఆవిడ వైపు తిరిగాడు. "నీకు చెప్పాలా? నువ్వు కుట్టిన కుట్టు ఊడుతుందని నేననుకుంటానని ఎలా అనుకున్నావే?"

"నువ్వేమీ అనకపోతే ఏమనుకోను, దద్దమ్మా!"

వాల్ట్ తిన్నగా బస్సు దగ్గరికి వెళ్ళాడు. ఉన్న చేత్తో గుమ్మం పట్టుకుని ఎక్కాడు. ఎవరూ చెయ్యి అందివ్వలేదు. అందిస్తే తిడతాడని మాకందరికీ తెలుసు. మొదటి బెంచీ మీద కూర్చున్నాడు, ముందు పంకా కింద.

"ఈ రెక్కల్లో నువ్వు కుట్టిందేది?" అని లోపలినుంచి అడిగాడు.

"ముందుదాంట్లో ఒకటి," అంది ఆలివ్.

"అయితే దాని కిందే కూర్చున్నా."

"తిరిగేదానికి కిందేమిటి, అందరి నెత్తిమీదా తిరుగుతుంది," అంటూ ఆలివ్ గబగబా మెట్లెక్కింది. "కదలకు. బెల్టు ఒంటిచేత్తో నీవల్ల కాదు."

వాల్ట్ ఉన్న ఆ ఒక్క చెయ్యీ పైకెత్తి పట్టుకున్నాడు, ఆవిడకి అడ్డం లేకుండా. ఆలివ్ బెల్టు బిగించి, ఒకటికి రెండుసార్లు లాగి చూసి, పక్కన కూర్చుంది. నేను ఎక్కాను. బెరిల్ తప్ప అందరూ ఎక్కారు. అప్పుడు బెరిల్ కూడా మూతి తుడుచుకుని ఎక్కి, నా బెంచీలోనే ఇరుక్కుంది.

"ఇది ఆదేశ ధిక్కారం!" అని ఫాన్‌షా అరిచాడు. ఆయన పక్కన నిలబడ్డ ట్రెడ్‌వెల్ మాత్రం టోపీ తీయలేదు. కెప్టెన్ ఓట్‌వే తొడుగులు మళ్ళీ వేసుకుని, తన సీట్లోకి ఎక్కి, ముందు పంకా ఇంజన్ మొదలెట్టాడు.